అత్యవసర వైద్యసేవ – మద్యపానం – జవాబుదారీతనం

మన కళాశాల వరండాలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి. రెండు భాషలవారికీ ఉమ్మడిగా ఉన్న మాటలలో రెండింటిని ఈ వ్యాసానికి పునాదిగా తీసుకుంటున్నాను. ఒకటి ‘నిషా’. ఉర్దూలోని ‘నషా’ తెలుగు నాలుకపై నిషా అయినది. రెండవది ‘జవాబుదారీ’. జవాబు అనేది ప్రశ్న ఉన్నచోటనే పుడుతుంది. అడిగేవారు లేనిచోట జవాబుదారీ అనే మాటకు అర్థం లేదు. ఈ రెండు మాటలూ ఒకే మనిషిలో, అందునా ఇతరుల ప్రాణాన్ని చేతిలో పెట్టుకొని పరుగెత్తే మనిషిలో కలిసినప్పుడు ఏమి జరుగుతుంది, ఏమి జరగవలసి ఉన్నది అన్నదే ఇక్కడి విచారణ.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది ఒక పాత విద్యార్థి వేసిన ప్రశ్న. అతడు ఇంటర్మీడియేట్ ఇక్కడ చదివి, తరువాత శిక్షణ పొంది, ఒక అంబులెన్సులో అత్యవసర వైద్య సహాయకుడుగా చేరినాడు. ఏ ఊరిలోనో, ఎవరి వాహనంలోనో చెప్పను. ఒకనాటి సాయంత్రం ఇంటికి వచ్చి, ఇచ్చిన చాయ్ చల్లారేదాకా మౌనంగా కూర్చొని, చివరకు నోరు విప్పినాడు. “సార్, నా డ్రైవరు తాగి డ్యూటీకొస్తుండె. మూడుసార్లు కడుపుల పెట్టుకున్న. నాలుగోసారి బండెక్కనని చెప్పిన. ఆయన నౌకరి పోయింది. నేను జేసింది తప్పా?” అని అడిగినాడు. ఆ క్షణాన నా దగ్గర సమాధానం లేకపోయినది. తప్పు కాదు అని ఒక్క మాటతో పంపివేయవచ్చును గాని, అతడు అడిగినది ఆ ఒక్క మాట కొరకు కాదని ముఖం చూస్తేనే తెలిసినది.

పెబ్బేరువారికి అంబులెన్సు కూత కొత్త కాదు. మన ఊరు హైదరాబాదు – బెంగుళూరు జాతీయ రహదారి మీద ఉన్నది. ఒకప్పుడు 7వ నంబరు అని పిలిచిన ఆ రహదారికి ఇప్పుడు 44వ నంబరు. రాత్రి పన్నెండు దాటిన తరువాత ఈ దారి మీద లారీలు, దూరప్రయాణపు బస్సులు ఎంత వేగంతో పోతాయో దారి పక్కన ఇల్లు ఉన్నవారికి తెలుసు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, మనకు సమీపంలోనే, కొత్తకోట మండలం పాలెం వద్ద బెంగుళూరు నుండి హైదరాబాదుకు పోతున్న బస్సు కల్వర్టును ఢీకొని మంటలలో చిక్కుకొన్నది. నలభై ఐదు మంది సజీవంగా దహనమైనారు. ఆ ఉదయం అక్కడికి పోయి చూచినవారు నేటికీ ఆ సంగతి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తారు. చూచి వెనుదిరిగినవారి స్థితియే అది అయితే, చూడవలసి రావటమే వృత్తిగా గలవారి స్థితిని ఊహించవలసి ఉన్నది. ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైనది. అంతకుముందు దారిన పోయే జీపో, లారీయో, ట్రాక్టరో దొరికితే ప్రాణం, లేకుంటే లేదు. నేడు 108 బండిలో సాధారణంగా ఇద్దరు ఉంటారు. ముందు బండి నడిపేవాడు, వెనుక గాయపడినవానిని చూచుకొనేవాడు. మొదటివానిని ఆ సేవలో ‘పైలట్’ అని పిలుస్తారు. రెండవవాని పని మరింత సున్నితమైనది. శ్వాసమార్గం మూసుకుపోకుండా చూడటం, రక్తస్రావాన్ని ఆపటం, నరంలో సూది నిలపటం, మందు మోతాదు లెక్కకట్టటం, వెన్నెముక విరిగి ఉండవచ్చునన్న అనుమానంతో మనిషిని కదలనీయకుండా పలక మీదికి చేర్చటం, అవసరమైతే బండిలోనే కాన్పు చేయటం. ఇవన్నీ కుదుపుల మధ్య, చాలని వెలుతురులో, పక్కన ఏడ్చే బంధువుల నడుమ చేయవలసి ఉంటుంది. గాయం తగిలిన తరువాతి మొదటి గంటను ‘బంగారు ఘడియ’గా వైద్యులు చెబుతారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడా ఆ గంటను నిర్వచించినది.

ఇక నిషా శరీరంలో చేసే పని ఏమిటో చూద్దాము. మద్యం మొదట దెబ్బతీసేది కాళ్ళను గాని, నాలుకను గాని కాదు, విచక్షణను. ఒకేసారి రెండు పనులపై దృష్టి నిలిపే శక్తి, ఎదురుగా వచ్చేదాని వేగాన్ని అంచనా వేసే శక్తి, ‘నేను ఇప్పుడు బాగున్నానా లేనా’ అని తన్ను తాను కొలుచుకొనే శక్తి, ఇవి ముందుగా సడలుతాయి. మనిషి తూలటం, మాట తడబడటం తరువాతి సంగతులు. అందుచేతనే ‘నాకేమీ కాలేదు’ అని తాగినవాడు ఇచ్చే సాక్ష్యానికి విలువ లేదు. అతడు అబద్ధమాడుతున్నాడని కాదు. నిజం తెలుసుకొనే పరికరమే ముందుగా చెడినది.

సామాన్యులు ఎక్కువగా పొరబడే మరొక విషయం మరునాటి ఉదయం గూర్చి. రాత్రి తాగినది నిద్రతో దిగిపోతుందని, నిమ్మరసంతో, చన్నీటి స్నానంతో, చిక్కని కాఫీతో పోతుందని అనుకొంటారు. ఇవేవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. మామూలుగా మనిషి రక్తంలో నూరు మిల్లీలీటర్లకు గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే మద్యం తగ్గుతుంది. దుకాణంలో ‘క్వార్టర్’ అని అడిగి తీసుకొనే 180 మిల్లీలీటర్ల సీసానే తీసుకొందాము. దానిలో 42.8 శాతం మద్యసారం ఉంటే, సుమారు 60 గ్రాములు శరీరంలోకి చేరుతుంది. అరవై కిలోల బరువు గల పురుషునిలో ఇది నూరు మిల్లీలీటర్ల రక్తానికి దాదాపు 150 మిల్లీగ్రాముల మట్టానికి పోతుంది. అర్ధరాత్రి ఆ మట్టంలో ఉన్నవాడు ఉదయం ఆరు గంటలకు ఇంకా 60 దగ్గర ఉంటాడు. ఎనిమిది గంటలకు 30. పూర్తిగా దిగేసరికి పది. మనిషిని బట్టి ఈ లెక్కలో హెచ్చుతగ్గులు ఉంటాయి గాని, లెక్క దారి ఇదే. ఉదయపు వంతుకు తలదువ్వుకొని, శుభ్రమైన యూనిఫారంతో వచ్చినవాడు, నిద్ర లేచి, టిఫిన్ తిని వచ్చినవాడు, చట్టం దృష్టిలో ఇంకా తాగి ఉన్నవాడు కావచ్చును. తాను డ్యూటీలో తాగలేదని అతడు ప్రమాణం చేయవచ్చును. ఆ ప్రమాణం నిజమే.

చట్టం పెట్టిన హద్దు నూరు మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను ప్రకారం ఆ హద్దు దాటి వాహనం నడిపినవానికి మొదటిసారి ఆరు నెలల వరకు ఖైదు, లేదా 2019 సవరణ తరువాత పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. అంబులెన్సు డ్రైవరుకు ఇందులో మినహాయింపు లేదు. ఆర్టీసీ డిపోలలో బస్సు తాళం చేతికి ఇవ్వకముందే డ్రైవరు చేత గొట్టంలోకి ఊదించే పద్ధతి మన ప్రాంతంలో అందరికీ తెలిసినదే. రైల్వేలో లోకో పైలట్లు డ్యూటీ ఎక్కే ముందు ఇదే పని చేస్తారు. విమానం నడిపేవారికి నియమం ఇంకను కఠినమైనది. ప్రయాణానికి ముందు పన్నెండు గంటలపాటు మద్యం ముట్టరాదు. ఊపిరి పరీక్షలో మొదటిసారి పట్టుబడితే మూడు నెలలు, రెండవసారి మూడు సంవత్సరాలు లైసెన్సు నిలిచిపోతుంది. మూడవసారి రద్దు.

ఇక్కడ ఒక వింత గమనించవలసి ఉన్నది. చట్టం ఊదమని అడిగేది స్టీరింగు ముందు కూర్చున్నవానిని మాత్రమే. వెనుక కూర్చొని సూది గుచ్చేవానిని, మోతాదు లెక్కించేవానిని ఆ సెక్షను తాకదు. అతడు నడిపేది వాహనం కాదు గదా! ఒకే బండిలో ఇద్దరు. ఇద్దరి తప్పుకూ ఒకే ప్రాణం పోతుంది. చట్టపు కొలబద్ద మాత్రం ఒక్కనికే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 22వ నియమం విధి నిర్వహణలో మత్తులో ఉండరాదని శాసిస్తుంది. కాని ఒప్పంద సంస్థల ద్వారా పనిచేసే అంబులెన్సు ఉద్యోగికి ప్రభుత్వ సేవకుల నియమాలు తమంతట తాము వర్తించవు. అతని జవాబుదారీతనం అతని నియామక పత్రంలో ఎన్ని వాక్యాలున్నవో అంతే.

వైద్యుల విషయంలోనూ పరిస్థితి పూర్తిగా తేలలేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న ప్రకటించిన నియమావళిలో, డ్యూటీలో గాని, డ్యూటీ బయట గాని వృత్తిని ప్రభావితం చేసేటట్లు మద్యం సేవించటం దుష్ప్రవర్తన అవుతుందని స్పష్టంగా చెప్పినారు. అదే నెల 23న ఇతర కారణాల మూలంగా ఆ నియమావళిని మొత్తంగా నిలిపివేసినారు. అత్యవసర వైద్య సహాయకులను ఒక వృత్తిగా గుర్తించిన చట్టం 2021లో వచ్చినది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌కు సంబంధించిన ఆ చట్టపు జాబితాలో వారి పేరు చేరినది. వైద్యులకు, నర్సులకు దశాబ్దాలుగా రిజిస్టరు ఉన్నది. పేరు చేర్చటం, తప్పు చేస్తే పేరు తీసివేయటం ఉన్నది. పేరు నమోదు లేని వృత్తిలో ఒకచోట పని పోగొట్టుకొన్నవాడు మరుసటి నెల మరొక బండిలో కూర్చుంటే ఆపేదెవరు? అందుచేత ఈ చట్టం అక్షరాలా అమలులోకి రావటం రోగికే కాదు, ఈ వృత్తి గౌరవానికి కూడా అవసరమని నేను భావిస్తున్నాను.

శిక్ష విషయంలో మాత్రం లోపం లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను ప్రకారం నిర్లక్ష్యం వలన మరణం కలిగించినవానికి ఐదు సంవత్సరాల వరకు ఖైదు. వైద్య ప్రక్రియ నడుపుతున్న రిజిస్టరయిన వైద్యుడయితే ఆ గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. అంబులెన్సులోని సహాయకుడు రిజిస్టరయిన వైద్యుడు కాడు గనుక ఆ తగ్గింపు అతనికి లేదు. ముందు అడిగేవాడు ఎవడూ లేడు. ప్రాణం పోయిన తరువాత మాత్రం వైద్యునికంటె బరువైన శిక్ష.

పరికరం గూర్చి కూడా నిష్పక్షపాతంగా చెప్పవలసి ఉన్నది. ఊపిరి పరీక్ష దైవవాక్యం కాదు. నోటిలో మిగిలిన మద్యసారం, కొన్ని మందులు, నోరు పుక్కిలించే ద్రవాలు తప్పుడు అంకె చూపించవచ్చును. అంబులెన్సు ఉద్యోగి చేతులు రోజంతా మద్యసారం గల శుభ్రకారి ద్రవంతో తడుస్తూ ఉంటాయి. మూసిన బండిలో ఆ ఆవిరి పరికరాన్ని మోసగించే అవకాశం ఉన్నది. అందుచేత మొదటి అంకె ఎక్కువగా వస్తే, బయటి గాలిలో పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ ఊదించటం, అప్పటికీ వస్తే రక్తపరీక్షకు పంపటం న్యాయమైన పద్ధతి. 1971లోనే సుప్రీంకోర్టు బచూభాయి హసనల్లీ కర్యానీ కేసులో, రక్తం గాని మూత్రం గాని పరీక్షించకుండా కేవలం వాసన, నడక తూలటం వంటి లక్షణాలతో మద్యపానం నిశ్చయంగా రుజువు కాదని చెప్పినది. 2025లో మన తెలంగాణ హైకోర్టు కూడా ఒక ఆర్టీసీ డ్రైవరు విషయంలో, ఊపిరి పరీక్ష ఒక్కదాని ఆధారంతో ఉద్యోగం తీసివేయటం చెల్లదని తీర్పు ఇచ్చినది. బండి దింపటానికి ఒక అంకె చాలును. బ్రతుకుతెరువు తీయటానికి చాలదు. ఈ రెండింటినీ ఒకటిగా చూచినందువల్లనే అధికారులు ఒకచోట మరీ మెతకగా, మరొకచోట మరీ కరకుగా ప్రవర్తిస్తున్నారు.

మన పాలమూరు ప్రాంతానికి సంబంధించిన మరొక చిక్కు ఉన్నది. ఇక్కడ నిషా అంటే సీసాలోది మాత్రమే కాదు. కల్లు పేరుతో అమ్మేదానిలో డయాజెపామ్, అల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలపటం ఎంతో కాలంగా ఉన్న దురాచారం. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో ఆ మందుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా అది అందక, వణుకుతూ, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరినారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు మరణించినారు. ఈ మత్తుమందులు ఊపిరి పరీక్షకు చిక్కవు. గొట్టం శుభ్రమైన అంకె చూపిస్తుంది. ఊదినవాని కళ్ళు మాత్రం మూతలు పడుతూ ఉంటాయి. కాబట్టి పరికరం పెట్టి చేతులు దులుపుకొన్న అధికారి పని పూర్తి చేసినట్లు కాదు. వంతు మారేటప్పుడు ఒక మనిషి మరొక మనిషి ముఖం చూచి రెండు మాటలు మాట్లాడటం అనే పాత పద్ధతికి ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు.

వీరు ఎందుకు తాగుతారు? ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానం చెప్పేవారు రెండు రకాలు. ‘అలవాటు’ అని ఒక మాటతో కొట్టివేసేవారు మొదటివారు. ‘పాపం, వారు చూచే దృశ్యాలు అటువంటివి’ అని ఒక మాటతో క్షమించేవారు రెండవవారు. రెండవవారి మాటలో సత్యం లేకపోలేదు. కాలిన శరీరాలను ఎత్తినవాడు, చిన్నపిల్లవాని రక్తం చేతులకు అంటుకొన్నవాడు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చోలేడు. ఆ సంగతి భార్యకు చెప్పలేడు. చెప్పినా ఆమె వినలేదు. కంటికి నిద్ర రాదు. నిద్రకు దగ్గర దారిగా సీసా కనిపిస్తుంది. మొదట నిద్ర వస్తుంది. కొన్నాళ్ళకు సీసా లేనిదే రాదు. మద్యం తెచ్చే నిద్ర తేలిక నిద్ర, తెల్లవారుజామున తెగిపోతుంది, మరునాటి అలసట మరునాటి సీసాకు కారణమవుతుంది.

కాని మన సమాజం ఇంతకంటె ముందే ఒక తప్పు చేసి ఉన్నది. శవపరీక్ష గదిలో పనిచేసేవానికి ఒక సీసా ఇప్పించనిదే పని జరగదని మనదేశంలో చాలాచోట్ల ఒక ఆచారం పాతుకుపోయినది. అధికారులు చూచీచూడనట్లు ఊరుకొన్నారు. చనిపోయినవాని బంధువులు స్వయంగా డబ్బిచ్చి తెప్పించినారు. తాగనిదే ఆ పని చేయలేడని అందరమూ నమ్మినాము. అనగా, ఆ మనిషికి తగిన చేతితొడుగులు, మంచి గాలి, గౌరవం, జీతం ఇవ్వటానికి బదులు మత్తును పనిముట్టుగా ఇచ్చినాము. ఆ నమ్మకమే మెల్లగా శవాగారం గడప దాటి అంబులెన్సు వరకు వచ్చినది. శవం దగ్గర చేతులు వణికినా పోయేదేమీ లేదు. ప్రాణం ఉన్నవాని దగ్గర అట్లు కాదు.

అలసట విషయం కూడా ఇక్కడనే చెప్పవలసి ఉన్నది. 1997లో ‘నేచర్’ అనే విజ్ఞాన పత్రికలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రకటించినారు. పదిహేడు గంటలపాటు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి నైపుణ్యం, నూరు మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాని స్థాయికి దిగజారుతుందని వారు చూపినారు. మన చట్టపు హద్దు 30 అన్నది గుర్తు చేసుకోవలెను. పన్నెండు గంటల రాత్రి వంతు ముగించి, మారవలసినవాడు రానందువల్ల పగలు కూడా కొనసాగించే సహాయకుడు ఒక్క చుక్క ముట్టకుండానే ఆ హద్దు దాటినవానితో సమానుడు. వానిని కొలిచే గొట్టం లేదు. వానిని అట్లు కూర్చోబెట్టిన యజమాన్యానికి జరిమానా లేదు. ఉద్యోగిని ఊదమనే హక్కు యజమాన్యానికి ఉన్నదంటే, వంతుల పట్టిక చూపించమని అడిగే హక్కు కూడా ఎవరికో ఉండవలెను. జవాబుదారీ ఒకవైపే నడిచే మాట కాదు.

మద్యం లభించటమన్నది కూడా ఈ కథలో భాగమే. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న ఆదేశించినది. 2017 మార్చి 31న, ఇరవై వేల లోపు జనాభా గల ఊళ్ళలో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించినది. రహదారిపై పనిచేసేవానికి ఈ మీటర్ల తేడా ఎంత అడ్డు అవుతుందో నేను వేరుగా వ్రాయనక్కరలేదు.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు దగ్గరగా వస్తాను. అతడు మూడుసార్లు ‘కడుపుల పెట్టుకున్న’ అన్నాడు. ఈ మాట చాలా మంచి మాట. తల్లి బిడ్డ తప్పును, స్నేహితుడు స్నేహితుని తప్పును కడుపులో పెట్టుకొంటారు. అత్యవసర సేవలో మాత్రం ఈ మంచితనానికి మూల్యం చెల్లించేవాడు ఆ ఇద్దరిలో ఒకడు కాడు; పలక మీద పడుకొని, డ్రైవరు ఎవరో, సహాయకుడు ఎవరో ఎన్నుకొనే అవకాశం లేని మూడవ మనిషి. బస్సులో ప్రయాణికుడు వాసన వస్తే దిగిపోవచ్చును. స్పృహ లేనివాడు దిగలేడు. అతని బదులు దిగగలిగినవాడు, దిగుతానని చెప్పగలిగినవాడు తోటి ఉద్యోగి ఒక్కడే. అందుచేతనే ఈ వృత్తిలో తోటివాని మౌనం స్నేహం కిందికి రాదని నా అభిప్రాయం.

అయితే ఆ తోటివాడు ఎందుకు మౌనంగా ఉంటాడు? పిరికితనం వలన అనుకోవటం అన్యాయం. చెబితే ఏమి జరుగుతుందో అతనికి తెలుసు. ఉద్యోగం పోతుంది. ఒక కుటుంబం దారిన పడుతుంది. చెప్పకుంటే ఏమీ జరగకపోవచ్చును. చాలా రాత్రులు ఏమీ జరగదు. ఒక తట్టున తప్పనిసరి నాశనం, మరొక తట్టున జరిగీ జరగని ప్రమాదం. మామూలు మనిషి ఏది ఎన్నుకొంటాడు? మౌనం లేదా ఉద్వాసన అనే రెండే తలుపులు ఉన్న ఇంటిలో అందరూ మొదటి తలుపు దగ్గరనే గుమికూడతారు. మూడవ తలుపు తీయనంతవరకు ఎన్ని గొట్టాలు కొన్నా ప్రయోజనం స్వల్పం.

మూడవ తలుపు ఎటువంటిదో ఇతర దేశాలలో చూచినారు. అమెరికాలో మద్యానికో, మత్తుమందుకో లోబడిన వైద్యులను వెంటనే వృత్తి నుండి వెళ్ళగొట్టకుండా, పని ఆపించి, చికిత్సకు పంపి, తిరిగి వచ్చిన తరువాత ఐదేళ్ళపాటు చెప్పాపెట్టకుండా పరీక్షలు జరుపుతూ పనిచేయించే పద్ధతి ఉన్నది. పదహారు రాష్ట్రాలకు చెందిన 904 మంది వైద్యుల వివరాలు 2008లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడినవి. ఐదేళ్ళ తరువాత, సమాచారం దొరికిన 802 మందిలో 78.7 శాతం లైసెన్సుతో పనిచేస్తూ ఉన్నారు. సుమారు 11 శాతం మంది లైసెన్సు రద్దయినది. ఈ అంకెలలో నాకు ముఖ్యంగా కనిపించినది దయ కాదు. ఆ పద్ధతిలో పరీక్ష మరింత కఠినం. తప్పించుకొనే వీలు తక్కువ. కాని చెప్పినవానికి తిరిగి వచ్చే దారి కనిపిస్తుంది గనుక తోటివాడు నోరు విప్పుతాడు. వైద్యునికి సంపాదన ఉన్నది, పోగొట్టుకోవటానికి పెద్ద పేరు ఉన్నది, అందుకే నిలబడినాడు అనే వాదం ఉన్నది. అది కొంత నిజమే. అయినా నెలజీతం మీద బ్రతికే డ్రైవరుకు ఉద్యోగం మీద ప్రేమ అంతకంటె తక్కువ అని నేను ఒప్పుకోలేను.

మన చట్టం కూడా ఈ దారికి విరోధి కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగం వలన కలిగే మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలోనే చేర్చినది. వ్యాధి అన్నంత మాత్రాన తప్పు మాసిపోదు. తాగి బండి ఎక్కినవాడు తప్పు చేసినాడు. కాని వ్యాధికి మందు ఉన్నది. పెబ్బేరు బస్సు స్టాండులో నిలబడితే ఉత్తరానికి పోయే బస్సు హైదరాబాదు చేరుస్తుంది. అక్కడ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉన్నది. దక్షిణానికి పోయేది బెంగుళూరు చేరుస్తుంది. అక్కడ నిమ్‌హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక కేంద్రమే ఉన్నది. ప్రమాదాలు జరిగే ఆ రహదారియే రెండు చివరలా చికిత్స దగ్గరికి పోతున్నది. అంతదూరం పోలేనివారికి 14446 అనే వ్యసన విముక్తి ఫోను, 14416 అనే మానసిక సహాయపు ఫోను ఉచితంగా పనిచేస్తాయి. ఎన్నేళ్ళనుండో రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చును గనుక, ఉద్యోగ భయంతో రాత్రికి రాత్రే మానివేయమని తోటివారు ఒత్తిడి చేయటం కూడా ప్రమాదమే. వైద్యుని పర్యవేక్షణలో మానవలెను.

తన్ను తాను కొలుచుకోదలచినవానికి నాలుగు చిన్న ప్రశ్నలు ఉన్నవి. 1984లో ఈవింగ్ అనే అమెరికా వైద్యుడు ప్రచురించినాడు. తాగుడు తగ్గించుకోవలెనని ఎప్పుడైనా అనిపించినదా? ఎవరైనా దాని గూర్చి అంటే కోపం వచ్చినదా? తాగినందుకు తప్పు చేసినట్లు బాధ కలిగినదా? పొద్దున లేవగానే చేతుల వణుకు ఆగటానికో, తలనొప్పి తగ్గటానికో తాగవలసి వచ్చినదా? రెండింటికి అవును అన్నవాడు వైద్యుని చూడవలసినదే. ఆ నాలుగవ ప్రశ్న ఒక్కటి చాలునని నాకు తోస్తుంది.

ఆ సాయంత్రం నేను నా విద్యార్థిని తిరిగి ఒక ప్రశ్న అడిగినాను. మొదటిసారి వాసన వచ్చిననాడు ఎవరికైనా చెప్పే వీలు ఉండెనా, చెబితే ఆ డ్రైవరును పది రోజులు బండి దింపి చికిత్సకు పంపేవారు ఎవరైనా ఉండిరా అని. “ఎవరు లేరు సార్. ఉంటే మొదటిసారే చెప్పకపోదునా?” అన్నాడు. తరువాత కొంచెంసేపు ఆగి, ఆ నాలుగవ రాత్రి సంగతి చెప్పినాడు. అతడు బండి ఎక్కనన్నప్పుడు డ్రైవరు కోప్పడలేదట. తాళంచెవి బానెట్టు మీద పెట్టి, ‘నువ్వే చెప్పు తమ్మీ, నేనే చెప్పుకోలేను’ అన్నాడట. వేరొక డ్రైవరు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టినది. అవతల ఎదురుచూస్తున్నది ఒక గర్భిణి. తల్లీబిడ్డలు క్షేమంగా ఆసుపత్రి చేరినారు.

ఉద్యోగం పోయిన ఆ డ్రైవరు ఇప్పుడు సరుకులు మోసే చిన్న బండి ఒకటి నడుపుతున్నాడని, తాగుడు తగ్గలేదని, ఊదమనేవారు అక్కడ లేరని చెప్పినాడు. మొన్న సంతలో ఎదురుపడితే ఆయన తల తిప్పుకొని పోయినాడట. పిలుద్దామని నోటిదాకా వచ్చి ఆగిపోయినదని చెప్పి, నా విద్యార్థి రాత్రి వంతుకు వేళయినదని లేచినాడు.